బంతియాట బొమ్మ: టీకా తాత్పర్య సహితము

ఆ. మూల లరిగిపోయె ముడతలు ముఖమున
వెనుక బంక మరక వీడ దింక
అమ్మ కంటఁ బడక యటకపై దాగిన
బంతియాట బొమ్మ భాగ్యమయ్యె

టీక: మూలలు అరిగిపోయె = నాలుగు మూలలూ గుండ్రమైపోయినవి; ముడతలు ముఖమున = ఆటగాడి మొహం మీదుగా మడతలు; వెనుక = అతగాడి పరుగుల లెక్క ఉన్న వైపున; బంక మరక = అదే పొట్లంలో వచ్చిన బబుల్‌గమ్ జాడ; వీడదు ఇంక = తుడిచినా పోదు (తుడవరాదని సంప్రదాయం); అమ్మ కంటఁ బడక = చెత్తబుట్ట పాలు గాక; అటకపై దాగిన = బూట్ల అట్టపెట్టెలో ఏళ్లూపూళ్లూ మగ్గిన; బంతియాట బొమ్మ = బేస్‌బాల్ కార్డు; భాగ్యమయ్యె = సంపద అయినది.

తాత్పర్యం: స్పష్టము.

విశేషాలు: బొమ్మలో బ్యాటు పట్టినవాడే నాయకుడని పామరులు భ్రమపడతారు. ఇది నాయికా ప్రధానమైన పద్యం, నాయిక అమ్మ. కొడుకు కాలేజీకి వెళ్లీ వెళ్లకముందే గది సర్దిన అమెరికా తల్లులు బేస్‌బాల్ వీరుడు మిక్కీ మాంటిల్ కార్డులు ఎన్నింటిని చెత్తబండి ఎక్కించారో! మిగిలినవాటి ధర ఆ తల్లుల చలవే. కార్డులు అచ్చేసిన టాప్స్ కంపెనీదీ అదే తోవ. 1952 నాటి ఆఖరి విడత అమ్ముడుపోక గిడ్డంగిలో పేరుకుపోతే, వాటికి రూపమిచ్చిన సై బెర్గరే 1960లో పడవకెత్తించి అట్లాంటిక్‌లో పారబోయించాడు. మాంటిల్ 311వ నంబరు కార్డు ఆ విడతలోదే. దాదాపు మచ్చలేని ఒక ప్రతి 2022లో 1.26 కోట్ల డాలర్లకు వేలంలో పోయింది. నిజానికి అది అతని తొలి కార్డు కూడా కాదు. తొలిది 1951లో బౌమన్ కంపెనీ వేసింది. రసికులకు వరుస పట్టదు.

ఆక్షేపం: ముడతలు పడ్డది భాగ్యమెలా?

సమాధానం: ఇక్కడ అలంకారం వ్యాజస్తుతి, అంటే తిట్టినట్టు తిట్టి పొగడటం. మూలలు ఎందుకరిగాయి? జేబులో వేసుకు తిరిగినందుకు, గోడకేసి విసిరి పందెం ఆడినందుకు, బట్టల క్లిప్పుతో సైకిల్ చక్రం పుల్లలకు తగిలించి మోటారు చప్పుడు చేయించినందుకు. ఏ మడత ఏ వేసవిదో ఆనాటి పిల్లవాడు, ఈనాటి తాతయ్య, ఇప్పటికీ చెప్పగలడు. గ్రేడింగ్ కంపెనీలు మాత్రం పదికి ఒకటో రెండో వేసి, ప్లాస్టిక్ పలకలో బిగించి పంపుతాయి. వాచ్యార్థం దాటి అవి రావు, పాపం. ధ్వని వాటి శాఖ కాదు.

ఈ కార్డుల సేకరణ శాస్త్రానికి సూత్రకారుడు జెఫర్సన్ బర్డిక్. 1909లో మొదలైన ఒక సిగరెట్ పెట్టెల బేస్‌బాల్ కార్డుల వరుసను లోకమంతా టీ206 అంటున్నదంటే అది ఆయన కేటలాగు నంబరే. కీళ్లవాతంతో వేళ్లు బిగుసుకుపోతున్నా, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో కూర్చుని తన కార్డులను ఆల్బమ్‌లలో అంటించాడు. 1963 జనవరిలో పని ముగించాడు; మార్చిలో పోయాడు. భాష్యకారులం, ఆయన జిగురు మీద బతుకుతున్నాం.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో ‘భారమయ్యె’ అని ఉన్నది. అది అటక ఊడ్చేవారి పాఠం. యతి, గణం రెండూ కుదిరాయి గనుక తోసిపుచ్చడానికి వీల్లేదు.