పళ్లెం వస్తుంది, డ్రైవు రాదు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక: పాత పెళ్లి డీవీడీ చూద్దామని అటక మీది డెస్క్‌టాప్‌ను దింపి, దుమ్ము దులిపి, ప్లగ్గు పెట్టిన గృహస్థు ఒకడు, మై కంప్యూటర్‌లో డీవీడీ డ్రైవు బొమ్మ కానరాక దిగాలుపడగా, రిపేరు శాస్త్రమెరిగిన మిత్రుడు ఇట్లు ఉపదేశించుచున్నాడు.

ఆ. కిటికి తెరచి చూడఁ గేవలము 'సి' యుండు
పళ్లె మేమొ బయటఁ బలకరించు
పైనఁ గ్రింద నున్న పాత జల్లెళ్ళూడ్చి
మరలఁ దెరువుమయ్య మాయ విడును

ప్రతిపదార్థం: అయ్య = ఓ గృహస్థుడా; కిటికి = విండోస్ అను గవాక్షమును; తెరచి చూడన్ = తెరచి చూడగా; కేవలము సి = సి డ్రైవు మాత్రమే; ఉండు = ఉండును; పళ్లెము ఏమొ = డిస్కు పెట్టెడు ట్రే అన్ననో; బయటన్ = పెట్టె వెలుపలికి; పలకరించు = మీట నొక్కినదే తడవుగా వచ్చి కుశలమడుగును; పైనన్ క్రిందన్ ఉన్న = అప్పర్, లోయర్ అను పేర్లతో నున్న; పాత జల్లెళ్ళు = ఎన్నడో తీసేసిన ప్రోగ్రాములు వదలిపోయిన ఫిల్టర్లను; ఊడ్చి = తొలగించి; మరలన్ తెరువుము = రీస్టార్టు చేయుము; మాయ విడును = డ్రైవు తిరిగి కానవచ్చును.

తాత్పర్యం: డ్రైవు చచ్చిపోలేదు, విండోస్‌కు కనపడటం లేదంతే. కొత్తది కొనకు.

ఇక విశేషాలు. 'కేవలము సి' అన్నాడు కదా, మా ఇంట్లో డి, ఈ కూడా ఉన్నాయే అని కొందరు ఆక్షేపిస్తారు. కాకులనుంచి పెరుగు కాపాడమంటే పిల్లిని రానివ్వమని అర్థం కాదు. ఇక్కడ 'సి' ఉపలక్షణం. హార్డ్ డిస్కు భాగాలన్నీ ఉన్నాయి, డీవీడీదే లేదని గ్రహించాలి.

రెండో పాదం మీద వాదోపవాదాలు ఎక్కువ. పళ్లెం బయటికి వస్తోంది గనుక అంతా బాగున్నట్టేనని ఒక మతం. ఇది నిలవదు. సాటా డ్రైవుకు వెనక రెండు తీగలుంటాయి. 15 పిన్నుల వెడల్పాటిది కరెంటుది, 7 పిన్నుల సన్నది డేటాది. పళ్లెం కదలడానికి మొదటిది చాలు. రెండోది ఊడిపోయినా అది వస్తూ పోతూనే ఉంటుంది. కాబట్టి కేబుల్‌వాదుల మాటలో సగం నిజముంది. సగమే ఎందుకంటే, కంప్యూటర్ లేచేటప్పుడు ఎఫ్2 గానీ డిలీట్ గానీ నొక్కి బయాస్‌లోకి వెళ్తే, అక్కడ డ్రైవు పేరు కనిపిస్తే కేబుల్ వాదం అంతటితో సమాప్తం. తీగా బాగుంది, డ్రైవూ బతికే ఉంది. పేరు అక్కడా లేకపోతేనే స్క్రూడ్రైవరు పట్టాలి.

లెన్సువాదులు దూదితో బయల్దేరతారు. డీవీడీని చదివేది 650 నానోమీటర్ల ఎర్రటి లేజరు, సీడీకి 780. లెన్సుకు దుమ్ము పడితే డిస్కు చదవదు, నిజమే. కానీ డ్రైవే జాబితాలోంచి మాయమవడానికి లెన్సు దుమ్ము కారణం కాదు. చత్వారం వచ్చినవాడి పేరు ఓటర్ల జాబితాలోంచి కొట్టేస్తారా?

ఫార్మాట్‌వాదుల సంగతి చెప్పక్కర్లేదు. ఏ జబ్బుకైనా "ఫార్మాట్ కొట్టేద్దాం సార్" అనే ఒకే మాత్ర. డ్రైవు రావచ్చు, పదేళ్ల ఫొటోలు పోవచ్చు.

మూడో పాదమే ఈ పద్యానికి ప్రాణం. 'పాత జంపరులూడ్చి' అని పాఠాంతరం ఉంది. ఐడీఈ కాలపు 40 పిన్నుల పట్టీ కేబుల్ మీద రెండు డ్రైవులుండి, రెంటికీ మాస్టర్ జంపరే పెడితే డ్రైవులు కనపడకపోయేవి. ఛందస్సు సరిపోయింది గాని అర్థం కుదరదు. జంపరు ఉండేది డ్రైవు వెనక, పైనా కిందా కాదు. కనుక 'జల్లెళ్ళు' అన్నదే సాధుపాఠం.

ఈ జల్లెడలు ఎక్కడివి? సీడీలు రాసే సాఫ్ట్‌వేరు వేసుకున్నప్పుడు అది విండోస్‌కూ డ్రైవుకూ నడుమ తన ఫిల్టరు ఒకటి బిగిస్తుంది. దాన్ని తీసేసేటప్పుడు ఫైలు పోయి, రిజిస్ట్రీలో పేరు మాత్రం మిగిలిపోవచ్చు. విండోస్ ఆ పేరు పట్టుకుని లేని జల్లెడను వెతికి, దొరక్క, డ్రైవును పక్కన పెట్టేస్తుంది. డివైస్ మేనేజర్‌లో పసుపుపచ్చ ఆశ్చర్యార్థకం, 19 గానీ 39 గానీ కోడు కనిపించాయంటే అనుమానం ముందు దీనిమీదే పడాలి.

రెజ్ఎడిట్‌లో హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, క్లాస్ అనే పంచద్వారాలు దాటితే బారెడు అంకెల పేర్లు కనిపిస్తాయి. 4డి36ఈ965 అనే అష్టాక్షరితో మొదలయ్యేది మనది. కుడివైపున అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ ఉంటే ఆ రెండూ తీసేయాలి. ఒకటే ఉంటే ఒకటే. ముందుగా ఎక్స్‌పోర్ట్ చేసి ఒక ప్రతి దాచుకోవడం శిష్టాచారం. మొత్తం ఫోల్డరును తీసేయడం మహాపాతకం. ఇంకో గండం: దానికి సమీపంలోనే చివర 967 ఉన్న కవల సోదరి ఉంటుంది. అది హార్డ్ డిస్కుది. అందులోని అప్పర్‌ఫిల్టర్స్ ముట్టుకుంటే విండోస్ అసలు లేవకపోవచ్చు. కవి దీన్ని చెప్పకపోవడం లోపమే. ఆటవెలదిలో అంకెలు పట్టవు మరి.

అలంకారం: 'కిటికి' దగ్గర శ్లేష. పళ్లెం ఉంది, డ్రైవు లేదనడంలో విరోధాభాసం. మొదటి పాదంలో కి–గే యతి చెల్లింది.

నాలుగో పాదం సుగమం. రీస్టార్టు చేశాక బొమ్మ వస్తుంది. సీడీలు రాసే ప్రోగ్రాము పనిచేయక మొరాయిస్తే దాన్ని మళ్లీ వేసుకోవాలి.

ఫలశ్రుతి: డ్రైవు కనిపించిన ఆనందంలో సినిమాలా పెళ్లి చూస్తూ కూర్చోకండి. ముందు ఆ డీవీడీలోదంతా హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకోండి, ఇంకో ప్రతి పెన్‌డ్రైవులో వేసుకోండి. ఈసారి కొనబోయే లాప్‌టాప్‌కు బహుశా పళ్లెమే ఉండదు.