బరి బయట వస్తాదు

మా చిన మావయ్య ముందు ఎవరూ గెలవలేరు. గెలిచొచ్చినవాళ్లు అసలే గెలవలేరు. పదో తరగతిలో స్కూలు ఫస్టు వచ్చానని పూతరేకులు పట్టుకుని వెళ్తే, ఒకటి నోట్లో వేసుకుని, అది కరిగేదాకా ఆగి, ఆయన అడిగిన మొదటి మాట: "ఆ ఏడు మీ క్లాసులో బాగా చదివేవాళ్లు ఎవరెవరున్నార్రా?"

అదే ప్రశ్నతో ఆయన రాకీ మార్సియానో అంతటివాణ్ణి పడగొట్టేశాడు. మార్సియానో 49 పోటీలాడి 49 గెలిచాడు, 1956లో ఓటమి రుచి తెలియకుండానే తప్పుకున్నాడు. "ఎవర్ని కొట్టాడు?" అంటాడు మావయ్య. 1951లో జో లూయిస్‌ని కొట్టాడుగా అంటే, "లూయిస్‌కి అప్పటికి 37 ఏళ్లురా అల్లుడూ! ఇన్‌కమ్‌ ట్యాక్సు బాకీలు తీర్చలేక మళ్లీ రింగెక్కినవాడు. బాకీలున్నోణ్ణి కొట్టడం కూడా గెలుపేనా?"

ఇలాంటివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఎక్కువమందికి క్రికెట్టో, సినిమా హీరోలో సరిపోతారు. మా మావయ్య ఒళ్లు చూసుకోకుండా హెవీవెయిట్ బాక్సింగు ఎత్తుకున్నాడు. జన్మలో గ్లవ్సు తొడిగినవాడు కాదు. ఇంట్లో బొద్దింక కనబడితే మంచమెక్కి అత్తయ్యని పిలుస్తాడు. కానీ టీకొట్టు బల్ల మీద కూర్చుని ఎడమ చెయ్యి ముందుకు జాపాడంటే, పక్కనున్నవాళ్లు గ్లాసులు తీసి అవతల పెట్టుకోవాల్సిందే.

టీకొట్టు గన్నవరం బస్టాండు దగ్గర. ఎదుటి మనిషి రిటైరైన ఆర్టీసీ కండక్టరు, మావయ్యకి బావ వరస. ఆయన మహమ్మదాలీ పక్షం. మావయ్య జార్జ్ ఫోర్‌మన్ పక్షం. తగువు 1974 అక్టోబరు 30న జైర్ దేశంలోని కిన్షాసాలో మొదలైంది. అక్కడ ఎనిమిదో రౌండులో ముగిసింది. ఇక్కడ ముగియలేదు. పైన విమానం దిగుతుంటే మాట వినబడదు గనక ఇద్దరూ ఆగి టీ తాగుతారు. చప్పుడు తగ్గగానే మళ్లీ మొదలు.

మావయ్య వాదం ఎక్కణ్ణుంచి పుట్టిందో తెలియాలంటే మా వైపు సంక్రాంతి బరులు చూసుండాలి. కోడి ఓడిందని ఒప్పుకున్న పందెగాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. వేళ తప్పిందంటాడు, దిక్కు తప్పిందంటాడు, కత్తి కట్టినవాడి చెయ్యి వణికిందంటాడు, బాదంపప్పు పాతదంటాడు. పుంజుది మాత్రం ఏ తప్పూ ఉండదు. మావయ్య ఆ శాస్త్రాన్ని యథాతథంగా కిన్షాసా తీసుకెళ్లాడు. వేళ? తెల్లవారుజామున నాలుగింటికి పెట్టారు, ఎవడైనా నిద్రలేచే వేళేనా అది? దెబ్బ? సెప్టెంబరులో జరగాల్సిన పోటీ ఫోర్‌మన్‌కి సాధనలో కంటిపైన చర్మం చిట్లి వాయిదా పడింది. తాళ్లు? కావాలని వదులు చేశారు, ఆలీ వాటిమీద ఉయ్యాల్లో పడుకున్నట్టు పడుకుని ఎదుటివాణ్ణి అలవగొట్టాడు. అంకెలు? రిఫరీ తొందరపడి లెక్కపెట్టాడు.

"పగలంతా నిద్రపోయాడా మీవాడు?" అంటాడు కండక్టరు బావ. "ఆలీకి మాత్రం మధ్యాహ్నం పన్నెండింటికి పెట్టారా పోటీ? వాడికి 32, మీవాడికి 25. ఇప్పుడు చెప్పు బావా, ముసలాడెవడు?"

ఈయనా తక్కువవాడేం కాదు. 1980లో ఆలీ మద్రాసు వచ్చి జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ ఆడాడు కదా, ఆ రాత్రి తాను అక్కడున్నానంటాడు. మొదట్లో గ్యాలరీ నుంచి చూశానన్నాడు. తర్వాత ముందు వరస అయింది. ఈమధ్య ఆలీ ఈయన భుజమ్మీద చెయ్యేసి ఏదో అన్నాడట కూడా. "టికెట్టేదీ?" అని మావయ్య అడిగితే, జీవితమంతా జనానికి టికెట్లు కొట్టినవాడు ఆకాశం కేసి చూస్తాడు.

1994 నవంబరులో మావయ్యకి పండగొచ్చింది. ఫోర్‌మన్ 45 ఏళ్ల వయసులో, పదో రౌండులో మైఖేల్ మూరర్‌ని పడేసి మళ్లీ ఛాంపియన్ అయ్యాడు. మావయ్య కొట్లో ఉన్నవాళ్లందరికీ టీలు పోయించాడు. కండక్టరు బావ టీ ఆఖరి చుక్కదాకా తాగి, గ్లాసు కింద పెట్టి, "అంతవరకూ పాయింట్లలో మూరరే ముందున్నాడుగా. అయినా వాడు కింది బరువు నుంచి పైకొచ్చినవాడు" అన్నాడు. నా స్కూలు ఫస్టుకి అప్పుడు న్యాయం జరిగిందనిపించింది.

ఆ అభిమానంతోనే అమెరికాలో ఉన్న కొడుకు చేత ఫోర్‌మన్ పేరున్న గ్రిల్లు తెప్పించాడు. ఛాంపియన్ తన అయిదుగురు కొడుకులకీ జార్జనే పేరు పెట్టాడు, ఆరోది మనింటికొచ్చిందని మురిసిపోయి, వద్దు వద్దని అత్తయ్య మొత్తుకుంటున్నా ప్లగ్గు పెట్టేశాడు. పొగ, కమురు వాసన, ఫ్యూజు. అత్తయ్య చీపురు తెచ్చేలోపే తీర్పు వచ్చింది: "ఓడింది గ్రిల్లు కాదే. అది 120 వోల్టుల మనిషి. 230 వోల్టులవాడి మీదికి దింపితే ఏ రిఫరీ ఒప్పుకుంటాడు?"

టైసన్‌ 'లైగర్‌'లో మన హీరోతో తలపడినా అంతే, "టైసన్‌కి యాభై దాటాయిరా" అన్నాడు. ఆయన నోరు కట్టేసింది నిజామాబాద్ పిల్ల నిఖత్ జరీన్ ఒక్కతే. 2022లో ఇస్తాంబుల్‌లో ఫైనల్ 5-0తో గెలిచేసరికి ఎక్కడ వంక పెట్టాలో దొరక్క ఆ పూట టీకొట్టుకే రాలేదు.

తమాషా ఏంటంటే, తాళ్లూ అంకెలూ అని మొదట్లో ఫోర్‌మనూ గొడవపడ్డాడు. తర్వాత అవన్నీ వదిలేసి, ఆలీ తనను కొట్టాడని ఒప్పేసుకుని, స్నేహం చేశాడు. ఈ సంగతి మావయ్యకి నచ్చదు. 1997 ఆస్కార్ సభలో, ఆ కిన్షాసా పోటీ మీద తీసిన డాక్యుమెంటరీకి బహుమతి వచ్చినప్పుడు, జబ్బుతో వణుకుతున్న ఆలీని ఫోర్‌మనే చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు. ఆ వీడియో ఫోన్లో వెతికి చూపించింది నేనే. (రాత్రిళ్లు నిద్ర మానుకుని ఇలాంటివి వెతకడం నాకెప్పుడు అంటుకుందో తెలియదు.) మావయ్య రెండుసార్లు చూసి, కళ్లజోడు తుడుచుకుని, బావ కేసి తిరిగాడు. "చూశావా? మెట్లెక్కాలన్నా మావాడే దిక్కు!"

2025 మార్చిలో ఫోర్‌మన్ పోయాడు. కండక్టరు బావ ఆ సాయంత్రం టీకొట్టు దాకా కూడా ఆగకుండా ఇంటికే వచ్చాడు. అరుగు మీద కూర్చుని, కాసేపు గొంతు సవరించుకుని, "ఆలోచిస్తే ఆ తాళ్లు కాస్త వదులేలే బావా" అన్నాడు.

మావయ్య దిగ్గున లేచాడు. "పోయాడని జాలిపడి పాయింట్లు వేస్తున్నావా? ఎవడిక్కావాలి నీ పాయింట్లు! రేపు పొద్దున కొట్టు దగ్గరికొచ్చి శుభ్రంగా వాదించు."