మొదటి స్లైడ్

వరంగల్‌కు పెట్టుబడిదారుడు వస్తే చేసే మర్యాదలు అందరికీ కంఠతా వచ్చు. శాలువా, కాకతీయ తోరణం జ్ఞాపిక, వేయిస్తంభాల గుడి దర్శనం. ఆ తర్వాత ఏసీ గదిలో తెర మీద మొదటి స్లైడ్: నిట్. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజినీరింగ్ కాలేజీ (ఆర్‌ఈసీ)యే ఇది, దేశంలో ఆ వరుసలో మొట్టమొదటిది. బెల్లం ఉన్నచోటికి చీమలు వాటంతటవే వస్తాయని ఆ స్లైడ్ భావం. బెల్లం పెట్టి అరవై ఏళ్లు దాటింది. చీమలు హైదరాబాద్‌లో దిగి, బెల్లాన్నే అక్కడికి రమ్మన్నాయి. సోమవారం తెల్లవారుజామున కాజీపేట స్టేషన్‌కు వెళ్లి చూడండి: భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు, చేతిలో అమ్మ కట్టిచ్చిన తొక్కు డబ్బా, సికింద్రాబాద్ బండి కోసం బెల్లం బారులు తీరి ఉంటుంది.

ఊరి శివారు మడికొండలో ఐటీ పార్కు లేదా అంటారు. ఉంది. 2020 జనవరిలో సైయెంట్, టెక్ మహీంద్రా అక్కడ తలుపులు తెరిచాయి. ఆర్‌ఈసీ పుట్టిన అరవై ఒకటో ఏట! తొందరపడ్డారని ఎవరూ అనలేరు.

బట్టల సంగతి ఇంకా వింత. 1934 నాటి ఆజంజాహీ మిల్లుకు స్కిల్ మిషనూ లేదు, సర్టిఫికెట్టూ లేదు. మగ్గం తెలిసిన జనం ఉన్నారు, అంతే. మిల్లు మూతబడింది. నేతగాళ్లు సూరత్, భివండి, షోలాపూర్ దారి పట్టారు. వాళ్లను వెనక్కి రప్పిస్తామని 2017 అక్టోబరులో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు పునాదిరాయి వేశారు. కేరళ కిటెక్స్, కొరియా యంగ్‌వన్ వచ్చాయి. తీరా వాళ్లు అడిగింది బట్టలు కుట్టేవాళ్లను. మనమేమో ఇంటింటికీ ఒక బీటెక్‌ను తయారుచేసి పెట్టుకున్నాం. పైథాన్ వచ్చుగానీ కాలరు కుట్టడం రాదు.

అసలు చదువును చూసే ఫ్యాక్టరీలు వస్తాయా? 1982లో కాజీపేటకు ఇస్తామన్న రైలు పెట్టెల ఫ్యాక్టరీ పంజాబ్‌లోని కపుర్తలాకు వెళ్లింది. అక్కడ ఆర్‌ఈసీ ఉందా అని ఎవరూ అడగలేదు. అడిగినా ఉండేది కాదు. ఫ్యాక్టరీ పునాది 1985లో పడితే, పక్కనున్న జలంధర్‌లో ఆర్‌ఈసీ 1987లో వచ్చింది. వాళ్లు మొదటి స్లైడే లేకుండా పని కానిచ్చేశారు.

2024లో టాటా టెక్నాలజీస్‌తో కలిసి రాష్ట్రంలోని 65 ఐటీఐలను అధునాతన కేంద్రాలుగా మార్చడం మొదలుపెట్టారు. రోబోలు, సీఎన్‌సీ యంత్రాలు. మంచి పనే, వెక్కిరించడానికి నాకూ మనసొప్పదు. నేర్చుకున్న పిల్లలు ఆ రోబోను మళ్లీ చూడాలంటే ఏ రైలెక్కాలో కూడా పాఠంలో చేరిస్తే సరి.

కాజీపేట రైల్వే తయారీ యూనిట్‌కు ఎట్టకేలకు 2023 జూలైలో ప్రధాని శంకుస్థాపన చేశారు. అధికారులకు ఒక మనవి: వయోపరిమితి కాస్త సడలించండి. 1982లో ఐటీఐ ఫిట్టర్ పాసైనవాళ్లు మా వాడలో ఇంకా ఉన్నారు. ఎదురుచూడటంలో వాళ్లకు నలభై ఏళ్ల అనుభవం.