ఏబది యొక్క పాళ్ళ వాక్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక: అమెరికాలో మైనారిటీల చిన్న కంపెనీలను ఫెడరల్ కాంట్రాక్టుల దాకా తీసుకెళ్ళే దారుల్లో పేరుమోసింది స్మాల్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ వారి 8(ఎ) సర్టిఫికెట్. అక్కడ ఐటీ కంపెనీలు పెట్టుకున్న తెలుగువారి చూపు దానిమీద పడటం సహజమే. నిబంధనలు పేజీలకొద్దీ ఉన్నా, సారం ఒక్క వాక్యంలో ఇముడుతుంది.

మూలం: అల్పవ్యాపారియుఁ, బౌరుండును, దీనుండును, ఏబది యొక్క పాళ్ళకు స్వామియు, స్వయంనిర్వాహకుండును నగువాఁడు నవవర్షములు సర్కారు పనులకుఁ దగును.

ప్రతిపదార్థం: అల్పవ్యాపారి = చిన్న కంపెనీ యజమాని (ప్రోగ్రామింగ్ సేవల్లోనైతే ఏడాదికి సగటున 3.4 కోట్ల డాలర్ల రాబడి దాకా అల్పమే); పౌరుండు = అమెరికా పౌరసత్వం ఉన్నవాడు, గ్రీన్‌కార్డు చాలదు; దీనుండు = నికర ఆస్తి 8,50,000 డాలర్లకు, మూడేళ్ళ సగటు ఆదాయం 4,00,000 డాలర్లకు మించనివాడు; నవవర్షములు = తొమ్మిదేళ్ళు, అదీ జన్మకొక్కసారే.

తాత్పర్యం: లేమి ఉండాలి, సత్తా కూడా ఉండాలి. ఆస్తి తక్కువని చూపిన చేత్తోనే, సాధారణంగా రెండేళ్ళుగా వ్యాపారం నడుస్తోందని ట్యాక్స్ రిటర్నులూ చూపాలి. అయితే ఈ దైన్యం మరీ కటికది కాదు. కాపురముంటున్న ఇంటి విలువ, సొంత కంపెనీలో వాటా, రిటైర్మెంట్ ఖాతా ఆస్తి లెక్కలోకి రావు.

పూర్వపక్షం: 51 శాతం భార్య పేర రాసి, కంపెనీని భర్త నడిపితే?

సిద్ధాంతం: చెల్లదు. వాటా ఎవరిదో పగ్గాలూ వారివే కావాలి. ఆవిడే పెద్ద పదవిలో ఉండి, పనివేళల్లో పూర్తికాలం అక్కడే పనిచేయాలి. రెజ్యూమె, ఆపరేటింగ్ అగ్రిమెంట్ పక్కపక్కన పెట్టి చదివితే బొమ్మ యజమాని ఎవరో తెలిసిపోతుంది.

మరి భర్తే దరఖాస్తుదారై, ఆస్తిని భార్యకు రాసిచ్చి దీనుడైతే? దరఖాస్తుకు ముందు రెండేళ్ళలో అయినవాళ్ళకు ఊరికే ఇచ్చిందంతా మళ్ళీ ఆయన ఖాతాలోకే వస్తుంది. పుట్టినరోజు, పెళ్ళిరోజు కానుకలకు మాత్రం మినహాయింపు ఉంది. ఇంతటి లోకజ్ఞత స్మృతికర్తల్లోనూ అరుదు.

విశేషాంశం: దీనత్వంలో సామాజికం అనే మరో సగం ఉంది. వివక్షకు గురైనవారిగా ముందే ఎంచే వర్గాల జాబితా ఒకటి ఉండేది. 1982లో భారత ఉపఖండం మూలాలున్నవారిని కూడా ఆ జాబితాలో చేర్చాక, వివక్షను విడిగా రుజువు చేసే పని వారికి తప్పింది. 2023 జులైలో టెనెసీలోని ఫెడరల్ కోర్టు ఆ వెసులుబాటును కొట్టేసింది. దాంతో తనకు జరిగిన అన్యాయం ఎప్పుడు, ఎక్కడ, ఎవరివల్ల జరిగిందో, దానివల్ల ఏం నష్టపోయారో దరఖాస్తుదారు కథనంగా రాసుకోవలసి వచ్చింది. కోడ్ రాసే చేతులకు ఆత్మకథ రాయడం కొత్త.

ఫలశ్రుతి: సర్టిఫికెట్ వచ్చినంత మాత్రాన కాంట్రాక్టు రాదు. ఒక పరిమితి దాకా పోటీ లేకుండానే పని ఇచ్చే వీలు అధికారులకు ఉంటుంది గానీ, ఏ శాఖకు ఏం కావాలో కనుక్కొని వారి తలుపు తట్టాల్సింది కంపెనీయే. శామ్ అనే సర్కారు పోర్టల్‌లో నమోదు ఉచితమే అయినా, ఫీజు కట్టమంటూ ప్రైవేటు ఏజెంట్ల మెయిళ్ళు వస్తూనే ఉంటాయి. ఏటేటా సమీక్ష తప్పదు. తొమ్మిదేళ్ళ లెక్క సర్టిఫికెట్ ఇచ్చిన తేదీ నుంచే మొదలవుతుంది కాబట్టి, తొలి పని మూడేళ్ళకు దొరికినవారికి మిగిలేది ఆరేళ్ళే.