హిల్స్ మీద హాఫ్ మారథాన్

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు సుమారు నలభై కిలోమీటర్లు. అందులో సగం ఉరికితే హాఫ్ మారథాన్ అయిపోయినట్టే. మా అవ్వ లెక్క అది. "దుడ్లు కట్టి, హైదరాబాదు దాకా పోయి ఉరకాల్నా నాయనా? శిరివెళ్ల దాకా ఊరికే ఉరుకుపో, బస్సెక్కి రా" అంది. జవాబు తోచక ఆగస్టులో కారెక్కాం.

నలుగురం. రైసుమిల్లు బావకు మెడల్ కావాలి, మిల్లు ఆఫీసులో తగిలించడానికి. లెక్కల మాస్టారుకు డాక్టరు నడవమని చెప్పాడు, ఈయన ఉరుకుతున్నాడు. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే మిత్రుడు 1591 నాటి చార్మినార్‌ను చూడాలని వచ్చాడు. పరుగు ఆ దిక్కుకే పోదని దారిలో తెలిసి, కర్నూలు దాటేదాకా మాట్లాడలేదు. ఇక నేను. ముగ్గురూ పోతుంటే ఇంట్లో ఉండలేక.

పరుగుకు ముందు పిండిపదార్థాలు తినాలని మాస్టారు ఎక్కడో చదివారు. బావకు శాస్త్రంలో ఆ ఒక్క ముక్క ఒంటబట్టింది. నంద్యాలలో ఉగ్గాని బజ్జీ, కర్నూలులో దోసెలు, దిగగానే బిర్యానీ. "బియ్యం సంగతి నాకు చెప్తారా?" అన్నాడు.

తెల్లారకముందే పీపుల్స్ ప్లాజాకు చేరాం. 2011లో మొదలైన పరుగు. జనం వేలల్లో ఉన్నారు. నెంబరు కాగితంలో కాలం కొలిచే చిప్పు ఉంటుందంటే, "నిలబడితే కరెంటు కొడుతుందా?" అని బావ అనుమానం. కొట్టదని మన శిల్పి నెక్లెస్ రోడ్డులోనే రుజువు చేశాడు. హుస్సేన్‌సాగర్ నడుమ 1992లో నిలిపిన గణపతి స్థపతి బుద్ధుణ్ణి చూసి ఆగిపోయాడు. "ఒకే రాయి అన్నా! ఆ మడతలు చూడు!"

నంద్యాల నల్లమల, ఎర్రమలల నడుమ పళ్లెంలా పరుచుకున్న నేల. ఇక్కడ పంజాగుట్ట ఫ్లైఓవర్ దిగి ఊపిరి పీల్చేలోపు మళ్లీ ఎత్తే. డెబ్బై ఏళ్ల పెద్దాయన ఒకరు మమ్మల్ని దాటిపోతూ, "జూబ్లీహిల్స్ అంటే పేరులోనే ఉంది కదా బాబూ!" అన్నారు. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద సెల్ఫీల వంకతో అందరం నడిచాం.

ఇరవై ఒకటో కిలోమీటరు బోర్డు దాటినా గచ్చిబౌలి స్టేడియంలో గీత ఇంకా ముందే ఉంది. "ఈ కొసరేంది మాస్టారూ?" అన్నాడు బావ. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగు రాజకుటుంబం కూర్చున్న చోటి ముందు ముగిసిందనీ, అప్పటి 42.195 కిలోమీటర్లే తర్వాత ఖాయమయ్యాయనీ, అందులో సగం 21.0975 అనీ మాస్టారు రొప్పుతూనే చెప్పారు.

"వాళ్లు కూచోనీకి మనం ఉరకాల్నా?"

మెడల్ తిప్పి చూసి, "పోత పని" అని తేల్చేశాడు శిల్పి.

వచ్చే ఏడు బయల్దేరే మన నంద్యాల వాళ్లకు నా మాట: గ్రౌండులో రౌండ్లు చాలించండి. ఆదివారాలు ఎగువ అహోబిలం పోయి ఉగ్రస్తంభం దారి ఎక్కి దిగండి. బిర్యానీ మాత్రం పరుగయ్యాకే తినండి.