లెక్కల బల్ల

కోర్టు అంచున, నడిగీతకు ఎదురుగా నా చోటు. నా వెనక కుర్చీల్లో కూర్చునేవాళ్లది ఒకటే పని: ఎవరు వేశారు, ఎవరు అందించారు, ఎవరు ఫౌల్ చేశారు. వెనకటికి కరణంగారి ముందు రాతబల్ల ఉండేదే, ఆ వంశమే నాది. కాకపోతే నేనున్నది అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో. నా మీద రాసేది మహిళల బాస్కెట్‌బాల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో ఆడే మెర్క్యురీ జట్టు పద్దు.

మా ఇంటికి, అదే ఈ స్టేడియానికి, పేరు నిలవదు. అమెరికా వెస్ట్ అన్నారు, యూఎస్ ఎయిర్‌వేస్ అన్నారు, టాకింగ్ స్టిక్ అన్నారు, ఫుట్‌ప్రింట్ అన్నారు. డబ్బు కట్టినవాళ్ల పేరు గోడెక్కుతుంది. నా మీది పుస్తకంలో మాత్రం 2004 నుంచి 2024 దాకా, 2015 ఒక్కటి తప్పిస్తే, ఒక పేరు కదల్లేదు. మూడో నంబరు, డయానా టరాసీ. పాయింట్లలోనే కాదు, లీగ్ మొత్తం మీద నోటిదురుసుకూ తగువులకూ పడే టెక్నికల్ ఫౌళ్ల లెక్కలోనూ ఆవిడదే మొదటి పేరు. రిఫరీ నా ముందుకొచ్చి వేళ్లతో మూడు చూపించిన ప్రతిసారీ నాకు నవ్వొచ్చేది.

2006లో నా వెనకవాళ్ల చేతులు నొప్పెట్టాయి. బుట్టలోకి వేయడానికి ఇచ్చే 30 సెకన్ల గడువును ఆ ఏడాది 24కి కుదించారు. దానికి తోడు పాల్ వెస్ట్‌హెడ్ కోచ్‌గా వచ్చాడు. బంతి దొరికితే పరుగే, ఆగడాల్లేవు. టరాసీ ఆ ఏడు 34 ఆటల్లో 860 పాయింట్లు వేసింది, ఆటకు 25.3 సగటు. ఒక సీజన్‌లో అంతకన్నా ఎక్కువ 2023 దాకా ఎవరూ వేయలేదు. అప్పుడు సియాటిల్ జట్టులోని జువెల్ లాయిడ్ 939 వేసి దాటింది. కానీ ఆ ఏడాది సీజన్ 40 ఆటలకు పెరిగింది, ఆమె సగటు 24.7. మరి ఎవరిది పెద్ద? పుస్తకాన్నడిగితే 939 అంటుంది. ఇంటి బల్లను కదా, నన్నడక్కండి. మరుసటి ఏడాది లాస్ వేగస్ ఆజా విల్సన్ 26.9 సగటుతో 1,021 వేసి మా తగువు తీర్చేసింది.

జట్ల లెక్కలదీ ఇదే తంటా. 2014లో మా వాళ్లు 34 ఆటల్లో 29 గెలిచారు. అప్పటికి లీగ్‌లో ఏ జట్టూ ఒక సీజన్‌లో అన్ని గెలవలేదు. తర్వాత 2023లో లాస్ వేగస్ 34 గెలిచింది, 40 ఆటల్లో. 1998లో హ్యూస్టన్ కామెట్స్ 30 ఆడి 27 గెలిచిన మాట ఆ సందడిలో ఎందరికి గుర్తొచ్చిందో! నిష్పత్తి చూస్తే ఇప్పటికీ వాళ్లదే పైచేయి. మొదటి నాలుగు టైటిళ్లూ వాళ్లవే. ఆ జట్టు 2008లో మూతపడింది, తమ లెక్క గురించి వాదించేందుకు ఇప్పుడు వాళ్ల తరఫున ఎవరూ లేరు.

పాయింటు దగ్గర పేచీ ఉండదు, బంతి వలలోంచి జారితే జారినట్టే. అసిస్ట్, అంటే బుట్టకు దారితీసిన పాస్, అలా కాదు. పాస్ అందుకున్న అమ్మాయి రెండడుగులు వేసి, ఒకసారి బంతి కొట్టి, ఎదుటివాళ్లను ఏమార్చి వేసిందనుకోండి. అందించినవాళ్లకు ఆ బుట్టలో వాటా ఉన్నట్టా, లేనట్టా? నా వెనక కూర్చున్న మనిషి రెప్పపాటులో తేల్చాలి. సూ బర్డ్ తన కెరీర్‌లో అందించిన 3,234 అసిస్టుల వెనక, ఒక సీజన్‌లో కైట్లిన్ క్లార్క్ 337 అసిస్టుల వెనక అలా తేల్చిన కళ్లు ఎన్ని ఊళ్లలో ఎన్నో. వాళ్ల పేర్లు ఏ పట్టికలోనూ ఉండవు.

కొన్నింటికి పుస్తకంలో చోటే లేదు. 2013లో బ్రిట్నీ గ్రైనర్ తొలి ఆట ఇక్కడే ఆడింది. రెండుసార్లు రింగు పట్టి వేలాడేలా డంక్ చేస్తే జనం కేకలకు నా కాళ్లు అదిరాయి. పుస్తకంలో పడింది మామూలు రెండేసి పాయింట్లే.

2020 కరోనా కాలంలో అందరూ ఫ్లోరిడాలో ఒకేచోట చేరి 22 ఆటలతో సీజన్ ముగించారు. నా మీద ఒక్క గీతా పడలేదు.

2023 ఆగస్టు 3 చెప్పాలి. అట్లాంటాతో ఆట. లీగ్‌లో ఎవరూ అందుకోని 10,000కు టరాసీ 18 పాయింట్ల దూరంలో ఉంది, వయసు 41. జనం 18 దాకా లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు. మూడో క్వార్టర్‌లో మూడు పాయింట్ల గీత అవతలి నుంచి వేసి ఆ గడప దాటింది. అయిపోయిందనుకున్నారు. ఆవిడ ఆగలేదు, 42 వేసింది. ఆ రాత్రి మేమే గెలిచాం. ఆ సీజన్ మొత్తమ్మీద 40 ఆటల్లో మేం గెలిచినవి తొమ్మిదే.