ప్రిపరేషన్‌లో ఉన్నాడు

ఇంట్లో ఒకడు గ్రూప్స్‌కో డీఎస్సీకో చదువుతుంటే చుట్టుపక్కలవాళ్ళు కూడా టీవీ సౌండు తగ్గిస్తారు. ఇంగ్లీషు సాహిత్యంలో పీహెచ్‌డీకి ప్రిపేరవుతున్నాడంటే మాత్రం ఏమనాలో ఎవరికీ తోచదు. మా ఇంట్లో ఒకడున్నాడు. మా అక్క కొడుకు. "కొన్నాళ్ళే మావయ్యా, మీకైతే లైబ్రరీలు దగ్గర" అని తెనాలి నుంచి వచ్చి మా తార్నాక ఇంటి ముందుగదిలో దిగాడు. ఆ గదిలో ఇప్పుడు నాదంటూ మిగిలింది ఒక్క పడక్కుర్చీ. దాని మీద నార్టన్ ఆంథాలజీ ఉంటుంది.

వీడు చదివింది కంప్యూటర్ సైన్సు. బీటెక్ పట్టా తెచ్చి మా బావ చేతిలో పెట్టి, తన బాధ్యత తీరిపోయినట్టు ఎమ్మే ఇంగ్లీషులో చేరాడు. ఆ తర్వాత "అమెరికా వెళ్తా" అన్నప్పుడు బావ మురిసిపోయి బ్యాంకు లోను వివరాలు కూడా కనుక్కొచ్చాడు. ఏ కోర్సని అడగాలని ఆయనకి తట్టలేదు. తెలిశాక ముందు తేరుకున్నది మా అమ్మే.

"అంత దూరం పోయి ఇంగ్లీషు చదువుతావా? ఫీజెంతట?"

"ఫీజుండదు అమ్మమ్మా. వాళ్ళే నాకు నెలనెలా డబ్బులిస్తారు. నేను ఫస్టియర్ పిల్లలకి వ్యాసం రాయడం నేర్పాలి, అంతే."

"అమెరికా పిల్లలకా? ఇంగ్లీషులోనా?"

"ఆఁ."

"నువ్వా?"

ఆవిడ ఆ పూటంతా తల్చుకుని తల్చుకుని నవ్వింది. కానీ వాడు కోసిందేం కాదు. అక్కడి పేరున్న ఇంగ్లీషు డిపార్టుమెంట్లు చాలావాటిలో పీహెచ్‌డీ వాళ్ళకి ఐదారేళ్ళు స్టయిపెండు ఇస్తారు, బదులుగా కాంపోజిషన్ క్లాసులు చెప్పించుకుంటారు. అందుకే సీట్లు గుప్పెడు, దరఖాస్తులు వందలు.

మావాడికి చదవడం కన్నా చదవడానికి సిద్ధం కావడం ఇష్టం. ఆదివారం వస్తే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద డేవిడ్ డైచెస్ కోసం బేరమాడతాడు. ఇంట్లో రెండు డైచెస్‌లున్నాయి, అయినా ఇది మంచి బైండింగట. దొరకని పుస్తకాలకి జిరాక్సు, స్పైరలు. హైలైటర్లు నాలుగు రంగులు: కవిత్వానికి పసుపు, నాటకానికి గులాబి, నవలకి పచ్చ, థియరీకి నారింజ. ఏ రంగు దేనికో చెప్పే పట్టీ గోడకంటించాడు. ఈగల్టన్ రాసిన 'లిటరరీ థియరీ' మొదటి అధ్యాయం ఆ చివర్నుంచి ఈ చివరిదాకా నారింజే. రెండో అధ్యాయం నుంచి పుస్తకం కొత్తపెళ్ళికూతురంత శుభ్రంగా ఉంది.

అయితే పుస్తకం చదవకపోయినా దాని జాతకం వాడికి కంఠతా. యూజీసీ నెట్ ఇంగ్లీషు పేపర్లో వంద ప్రశ్నలైతే, ఫలానా నాలుగు పుస్తకాలు ఏ వరసలో వచ్చాయో చెప్పమనేవి కొన్ని తప్పకుండా ఉంటాయి. అందుకని అన్నాల దగ్గర మా అందరికీ పరీక్ష. "1922 అనగానే నీకేం గుర్తొస్తుంది మావయ్యా?" అన్నాడోసారి. చింతపల్లి పోలీసు స్టేషను మీద అల్లూరి సీతారామరాజు దాడి అన్నాను. వాడు నన్ను జాలిగా చూశాడు. ఫిబ్రవరిలో 'యులిసిస్', అక్టోబరులో 'ది వేస్ట్ లాండ్', అదే అక్టోబరులో 'జేకబ్స్ రూమ్', నెలలతో సహా ఒప్పజెప్పాడు. చదివావా అని అడగబోతే మా ఆవిడ కాలు తొక్కింది. ఆవిడకి మేనల్లుడంటే పక్షపాతం.

పాపం, పరీక్షలు కూడా వాడితో ఆడుకున్నాయి. అమెరికా కోసమని జీఆర్‌ఈలో లిటరేచర్ సబ్జెక్టు పరీక్షకి ఎమ్మే రోజుల్లోనే మొదలెట్టాడు. బేవుల్ఫ్ నుంచి బెకెట్ దాకా అట్టముక్కల మీద రాసుకుని బాత్‌రూమ్ అద్దానిక్కూడా అంటించాడు. 2021లో ఆ పరీక్షనే ఎత్తేశారు. "ఇన్నాళ్ళ ప్రిపరేషనూ పోయిందేంరా" అని నేను బాధపడితే, "ప్రిపరేషన్ ఎక్కడికీ పోదు మావయ్యా" అన్నాడు. 2024 జూన్ 18న నెట్ రాసొచ్చాడు. మర్నాడే ఆ పరీక్ష రద్దన్నారు. దేశంలో లక్షలమంది తిట్టుకుంటుంటే, ఆ సాయంత్రం మా ఇంట్లో ఒక్కడు హాయిగా టీ పెట్టుకుని, మళ్ళీ చదువుకోడానికి టైము దొరికిందని కొత్త టైమ్‌టేబులు గీశాడు. నెట్‌లో జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకి 37,000 రూపాయలు, ముప్ఫై దాటితే రాదు అని నేను గుర్తుచేస్తే, ఆ సంగతి కూడా టైమ్‌టేబుల్లో వేసుకున్నాడు.

పెళ్ళిచూపుల్లో ఇంకో గొడవ. అమ్మాయి తండ్రి మర్యాదగా "అమెరికాకి అప్లై చేస్తున్నారట, ఏ బ్రాంచి బాబూ?" అన్నాడు. మా అక్క అందుకునేలోపు వీడు "పద్దెనిమిదో శతాబ్దం అండీ" అన్నాడు. ఆ దరఖాస్తుల్లో ఏ కాలం మీద పనిచేస్తావో తేల్చి చెప్పాలిలెండి. అది ఆయనకి ఎవరు చెబుతారు? జంతికలు తిని వచ్చేశాం. దార్లో వాడు "విక్టోరియన్ అనాల్సింది" అని నొచ్చుకున్నాడు.

వాడి మీద నాకు కోపం నిలవకపోవడానికి కారణం ఒకటుంది. ఓ రాత్రి మంచినీళ్ళకని లేస్తే ముందుగదిలో లైటు. మావాడు వుడ్‌హౌస్ చదువుతూ, నవ్వు బయటికి రాకుండా దుప్పటి నోట్లో కుక్కుకుంటున్నాడు. నన్ను చూసి గభాల్న పుస్తకం దిండు కింద దోపాడు. అది ఏ సిలబస్‌లోనూ లేదట. మర్నాడు తీసి చూశాను. అట్ట ఊడింది, పేజీలు నలిగిపోయాయి, ఎక్కడా ఒక్క రంగూ లేదు.

ఇప్పుడు దరఖాస్తుల కాలం. డిసెంబరు మధ్యలో గడువు. దరఖాస్తుకి స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, ఇరవై పేజీల వ్యాసం, మూడు సిఫార్సు ఉత్తరాలు కావాలి. ఉత్తరాల కోసం వెళ్తే ఒక మేష్టారు అందరూ చెప్పేదే చెప్పారట: "నువ్వే రాసి తీసుకురా, చూసి సంతకం పెడతా." తన గురించి తనే పొగుడుకోడానికి వీడికి వారం పట్టింది. నమ్మేలా ఉండాలని మధ్యలో 'అతి వినయస్తుడు' అని ఒక లోపం కూడా కలిపాడు. రెండో ఆయనకి ఆ పోర్టల్ తెరవడం రాదు. వీడే వెళ్ళి, ఆయన పక్కన కూర్చుని, తన మీద రహస్యంగా ఉండాల్సిన ఉత్తరాన్ని తనే అప్‌లోడ్ చేసి, ఆయనచేత సబ్మిట్ నొక్కించి వచ్చాడు. మూడో ఆయన ఫోనెత్తడం లేదు.

స్టేట్‌మెంట్ ఎన్నో డ్రాఫ్టులో ఉందో వాడికే తెలీదు. మొన్న రాత్రి అందరికీ తెలుగులో చదివి వినిపించాడు. చిన్నప్పుడు వేసవి రాత్రుళ్ళు డాబా మీద అమ్మమ్మ చెప్పిన కథలే తనకి సాహిత్యం మీద ప్రేమ కలిగించాయని మొదలైంది. మా అమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని శ్రద్ధగా వింది.

"నేనెప్పుడు చెప్పాన్రా? ఆ టైములో నాకు సీరియలుండేదిగా."

"అందరూ ఇలాగే మొదలెడతారు అమ్మమ్మా."

"సరే, ఉంచెయ్. ఆ మూడో ఉత్తరం ఇంకా కుదర్లేదన్నావుగా?"

"లేదు."

"నువ్వే రాసి తీసుకురా, చూసి సంతకం పెడతా."